ఎకరం ఎండకు 1.38 గ్రాములు

గోదావరి డెల్టాలోని పెనుగొండలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 16.65 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి, మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన గుంజకు నీడ పడదు. మొదటిసారికి దాళ్వా కోతలు అయిపోయి, కాలువలు కట్టేసి, చేలు ఎండిపోయి ఉంటాయి. రెండోసారికి సార్వా ఊడ్పులు పడి, మడి నిండా నీళ్ళు నిలిచి ఉంటాయి. సూర్యుడు అదే, చేనూ అదే. మధ్యలోకి రెండంగుళాల నీళ్ళు వచ్చి చేరాయి. ఆ రెండంగుళాల్లో వెలుగు ఏం చేస్తుందన్న ప్రశ్న 1908 నుంచి భౌతికశాస్త్రజ్ఞులను రెండు పక్షాలుగా విడదీసింది.

ముందు మే నెల లెక్క చూద్దాం. వెలుగు తాను పడిన చోటును నెడుతుంది. దానికి ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం ఉంది. ఎంత ఉందో తేల్చే సూత్రం చాలా చిన్నది: శక్తిని కాంతి వేగంతో భాగిస్తే చాలు. మబ్బు లేని మధ్యాహ్నం నేలకు చేరే ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. దాన్ని సెకనుకు 30 కోట్ల మీటర్ల వేగంతో భాగిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి ఒక న్యూటన్‌ను పది లక్షల భాగాలు చేస్తే మూడు భాగాల పైచిలుకు, అంటే 3.3 మైక్రోన్యూటన్లు. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. పడ్డ ఎండనంతా నేల పీల్చుకుందనుకుంటే మొత్తం 0.0135 న్యూటన్లు. తూకంలో చెప్పాలంటే 1.38 గ్రాముల బరువు. ఒక బియ్యపు గింజను 20 మిల్లీగ్రాములనుకుంటే, ఎకరమంతా పరుచుకున్న మే నెల ఎండ ఆ ఎకరాన్ని అరవై డెబ్బై బియ్యపు గింజలంత బరువుతో నొక్కుతుంది. గుప్పెడు కూడా రాదు.

ఇంత చిన్న సంఖ్యతో ఏం పని అనిపిస్తుంది. అదే లెక్క భూగోళం మొత్తానికి వేస్తే, వాతావరణం పైన సూర్యకాంతి చదరపు మీటరుకు 1361 వాట్లు కాబట్టి, సుమారు 59 వేల టన్నుల బరువంత నెట్టుడు వస్తుంది. మన తీరానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ ఇంకొకటి ఉంది. తుపాను వస్తోందంటే గోదావరి డెల్టా జనం టీవీలో మొదట వెతికేది ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మ. ఆ బొమ్మలు పంపిన ఇన్‌శాట్-1, ఇన్‌శాట్-2 తరం వాతావరణ ఉపగ్రహాలకు సౌరఫలకాలు ఒక వైపే ఉండేవి. మబ్బుల వేడిని కొలిచే పరికరం పనిచేయాలంటే దాన్ని బాగా చల్లబరచాలి. అందుకు అది చల్లని ఆకాశం వైపు అడ్డం లేకుండా చూస్తుండాలి కాబట్టి రెండో వైపు ఫలకాలు పెట్టలేదు. ఒక పక్కనే రెక్క ఉంటే ఎండ ఆ పక్కనే నెట్టి ఉపగ్రహాన్ని మెల్లగా తిప్పేస్తుంది. 20 చదరపు మీటర్ల ఫలకం అనుకుంటే ఆ నెట్టుడు 0.00009 న్యూటన్లు, అంటే అర బియ్యపు గింజ బరువు కూడా కాదు. కానీ అంతరిక్షంలో దాన్ని ఆపడానికి గాలి లేదు, రాపిడి లేదు. రాత్రనక పగలనక, ఏళ్ళ తరబడి ఒకే పక్క నెడుతూనే ఉంటుంది. అందుకే రెండో వైపు పొడవాటి కర్ర లాంటి బూమ్ చివర ఒక సౌర తెరచాప కట్టారు. దాని పని ఒక్కటే, ఎండ ఒత్తిడిని సమతూకం చేయడం. వెలుగు నెట్టుడుకు తూకంరాయి కట్టిన ఉపగ్రహాలవి.

ఈ నెట్టుడును ప్రయోగశాలలో మొదట కొలిచినది 1900 ప్రాంతంలో, మాస్కోలో ప్యోత్ర్ లెబెదెవ్, ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో నికల్స్, హల్. శూన్యంలో వెలుగుకు ఎంత ద్రవ్యవేగం ఉందన్న ప్రశ్నకు అప్పటి నుంచి తకరారు లేదు.

తకరారు ఆగస్టులో మొదలవుతుంది.

నీళ్ళలో వెలుగు నడక నెమ్మదిస్తుంది. శూన్యంలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయేది నీళ్ళలో 2.25 లక్షలే పోతుంది. ఈ రెండింటి నిష్పత్తి 1.33. దాన్నే వక్రీభవన గుణకం అంటాం. ఇంటర్ పుస్తకం తెరవకముందే డెల్టా పిల్లలకు ఈ సంఖ్య తెలుసు. తేట నీళ్ళున్న చెరువులోకి గట్టు మీద నుంచి తొంగి చూస్తే మూడడుగుల లోతే అనిపిస్తుంది, దిగితే నాలుగడుగులుంటుంది. నాలుగును మూడుతో భాగిస్తే వచ్చేది 1.33.

ఇప్పుడు ఒక్క ఫోటాన్‌ను, అంటే ఒక్క వెలుగు కణాన్ని, పట్టుకుందాం. సామాన్యంగా దొరికే ఎర్ర లేజర్ పాయింటర్ వెలుగు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, సామర్థ్యం 5 మిల్లీవాట్లు అనుకుందాం. అది సెకనుకు 1.6 × 10¹⁶ ఫోటాన్లను వదులుతుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక్కో ఫోటాన్ ద్రవ్యవేగం వస్తుంది: గాలిలో 1.02 × 10⁻²⁷ కిలోగ్రాం మీటర్ పర్ సెకండ్. ఇదే ఫోటాన్ నీళ్ళలోకి దిగాక దాని ద్రవ్యవేగం ఎంత?

తరంగాన్ని నమ్మేవాళ్ళు ఇలా చెబుతారు. నీళ్ళలో అలలు దగ్గర దగ్గరగా ముడుచుకుంటాయి, 650 నానోమీటర్ల తరంగం 489 నానోమీటర్లకు కుదించుకుపోతుంది. తరంగదైర్ఘ్యం తగ్గింది కాబట్టి సూత్రం ప్రకారం ద్రవ్యవేగం పెరగాలి, 1.36 × 10⁻²⁷. ఇది హెర్మన్ మింకోవ్‌స్కీ 1908లో రాసిన సమీకరణాల ఫలితం. ఆయన గోటింగెన్‌లో గణిత ఆచార్యుడు, జ్యూరిక్‌లో ఐన్‌స్టీన్‌కు చదువు చెప్పిన గురువు.

కణాన్ని నమ్మేవాళ్ళ లెక్క వేరు. ఫోటాన్ శక్తిని కాంతి వేగ వర్గంతో భాగిస్తే దానికి ఒక జడత్వం వస్తుంది. ఆ జడత్వాన్ని నీళ్ళలోని తగ్గిన వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం తగ్గాలి, 0.77 × 10⁻²⁷. ఇది మాక్స్ అబ్రహాం 1909లో ఇచ్చిన జవాబు. ఆయనా గోటింగెన్‌లో పనిచేసినవాడే.

ఒకరు 1.33తో గుణించమన్నారు, మరొకరు 1.33తో భాగించమన్నారు. రెండు జవాబుల మధ్య తేడా నీళ్ళకు 1.77 రెట్లు, గాజుకు 2.25 రెట్లు, వజ్రానికి 5.8 రెట్లు. ఏదో పదో దశాంశ స్థానంలో సర్దుకుపోయే తేడా అయితే ఎవరూ ఇంతకాలం పట్టించుకునేవారు కారు. తేల్చుకుందామంటే వాళ్ళిద్దరికీ కాలం కలిసిరాలేదు. మింకోవ్‌స్కీ 1909 జనవరిలో, అపెండిసైటిస్‌తో, 44 ఏళ్ళకే పోయారు. అబ్రహాం 1922లో 47 ఏళ్ళకు.

పెనుగొండ వ్యాపారుల ఊరు. వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రంగా దేశమంతటి ఆర్యవైశ్యులకు మూలస్థానం. జమాఖర్చుల పద్దు రాయడం ఆ నేలకు కొత్త విద్య కాదు కాబట్టి ఆగస్టు ఎండ లెక్కను చిట్టాలో పద్దు రాసినట్టే రాస్తాను. అడ్డంకులన్నీ తీసేద్దాం: మబ్బు లేదు, నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున నల్లటి బురద వచ్చిన వెలుగునంతా పీల్చుకుంటుంది, ఊడ్చిన నారు నీడ లేదు.

ఎకరం మీదికి దిగుతున్న ఎండ విలువ 1.38 గ్రాములు. నిటారుగా పడ్డ వెలుగులో 2 శాతం నీటి పైతలం నుంచి వెనక్కి తిరిగిపోతుంది, 98 శాతం లోపలికి దిగుతుంది. వెనక్కి తిరిగిన 2 శాతం పోతూ పోతూ తన వంతు అదనంగా నెడుతుంది కాబట్టి చేనుకు చేరాల్సిన మొత్తం 1.38కి 1.02 రెట్లు, అంటే 1.41 గ్రాములు. ఇది బయటి నుంచి చూసిన లెక్క. ఇందులో మింకోవ్‌స్కీ లేడు, అబ్రహాం లేడు. ఆకాశం నుంచి ఎంత వచ్చింది, ఆకాశానికి ఎంత తిరిగిపోయింది అంతే.

ఇప్పుడు లోపలి పద్దులు. మింకోవ్‌స్కీ ప్రకారం నీళ్ళలో ఉన్న వెలుగు ద్రవ్యవేగం 1.33 రెట్లు. అడుగున బురద మీద పడేది 1.38 × 0.98 × 1.33, అంటే 1.80 గ్రాములు. వచ్చిందే 1.41 కదా, బురదకు 1.80 ఎలా ఇవ్వగలిగింది? మిగతా 0.39ని నీటి పైతలం చెల్లించాలి. అంటే వెలుగు లోపలికి దిగుతూ పైపొరను కిందికి నెట్టకుండా పైకి గుంజుతుంది.

అబ్రహాం పద్దులో వెలుగు ద్రవ్యవేగం తగ్గింది. బురదకు 1.38 × 0.98 ÷ 1.33, అంటే 1.02 గ్రాములు. మిగిలిన 0.39 పైతలం మీద పడాలి. అంటే వెలుగు దిగుతూ నీళ్ళను కిందికి నొక్కుతుంది.

రెండింట్లోనూ 0.39 వచ్చింది, గుర్తు మాత్రమే మారింది. ఇది నేను సంఖ్యలు ఎంచుకోవడం వల్ల కలిసొచ్చినది కాదు. ప్రతిబింబించే 2 శాతాన్ని కలుపుకుని బీజగణితంగా చేసినా, ఏ పారదర్శక పదార్థానికైనా, నిటారుగా పడే వెలుగుకు ఇదే సౌష్ఠవం వస్తుంది. గుణకంలోంచి ఒకటి తీసి, గుణకానికి ఒకటి కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి, రెండుతో హెచ్చిస్తే ఆ భిన్నం దొరుకుతుంది. నీళ్ళకు 0.283. మింకోవ్‌స్కీకి అది పైకి, అబ్రహాంకి అది కిందికి. ఈ వివాదమంతటిలో నాకు బాగా నచ్చే సంఖ్య ఇదే. ఇద్దరూ ఒకే మొత్తానికి పోట్లాడుతున్నారు, అది అప్పా, ఆస్తా అని.

అలాగైతే తేల్చడం సులువే కదా, లేజర్ వేసి నీళ్ళు ఉబ్బుతాయో గుంటపడతాయో చూస్తే సరిపోతుంది? అదే చేశారు. 1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఆర్థర్ ఆష్కిన్, జోసెఫ్ జీజిక్ కిలోవాట్ల స్థాయి లేజర్ స్పందనలను నీటి ఉపరితలం మీద సన్నటి బిందువుగా కేంద్రీకరించారు. నీళ్ళు పైకి ఉబ్బాయి. మింకోవ్‌స్కీ గెలిచాడనుకున్నారు. ఆ ఏడాదే అదే సంస్థలో జేమ్స్ గార్డన్ లెక్కలు వేసి, అంత సన్నగా కేంద్రీకరించిన వెలుగు నీళ్ళను పక్కల నుంచి నడుమకు లాక్కుంటుందనీ, ఆ ఉబ్బు దానివల్ల వచ్చిందనీ, అది తీర్పుకు పనికిరాదనీ చూపించాడు. ఆష్కిన్ ఆ వెలుగు నెట్టుడునే పట్టుకుని కణాలను ఏరి పట్టే కాంతి పట్టకారును తయారుచేసి, 96 ఏళ్ళ వయసులో, 2018లో నోబెల్ అందుకున్నారు.

అంతకు ముందే, 1954లో, స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో జోన్స్, రిచర్డ్స్ ఒక చిన్న అద్దాన్ని రకరకాల ద్రవాల్లో ముంచి వెలుగు దాన్ని ఎంత నెడుతుందో కొలిచారు. నెట్టుడు సరిగ్గా వక్రీభవన గుణకం రెట్లు పెరిగింది. మన చేను భాషలో చెప్పాలంటే, బురద 1.80 గ్రాములే అందుకుంటుంది. 2005లో ఎంఐటీలో, గడ్డకట్టే చలికన్నా ఎన్నో రెట్లు చల్లబరచిన రుబీడియం పరమాణువుల వాయువులో ఫోటాన్ తగిలిన పరమాణువు ఎంత వెనక్కి తన్నుకుందో కొలిస్తే, అక్కడా గుణకంతో హెచ్చించిన జవాబే వచ్చింది.

ఇంత సాక్ష్యం ఉన్నాక అబ్రహాంను వదిలేయవచ్చు కదా? వదలనివ్వని వాదన ఒకటుంది. 1953లో బాలాజ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు దాన్ని ముందుకు తెచ్చాడు. నాకు దాన్ని గోదావరి పడవతో చెప్పుకోవడం ఇష్టం. రేవులో కట్టు విప్పిన పడవలోకి గట్టు మీది నుంచి మనిషి పరుగెత్తుకొచ్చి దూకి, పడవలో మెల్లగా నడిచి, అవతలి చివర నుంచి మళ్ళీ అదే పరుగుతో గట్టెక్కాడనుకుందాం. అతను పడవలో నెమ్మదించినంతసేపూ పడవ ముందుకు కదులుతుంది, అతను దిగిపోయేటప్పుడు వెనక్కి తన్నిన తన్నుతో ఆగిపోతుంది. మనిషి, పడవ కలిపిన గురుత్వకేంద్రం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో సాగుతుంది. వెలుగు గాజుదిమ్మలోకి దూరి అవతల బయటపడినప్పుడూ ఇదే జరగాలి. వెలుగు లోపల నెమ్మదించింది కాబట్టి గాజుదిమ్మ ముందుకు జరిగి తీరాలి. మీటరు పొడవు, కిలో బరువున్న గాజు గుండా ఒక్క జౌల్ వెలుగు పోతే ఆ జరుగుడు 5.6 × 10⁻¹⁸ మీటర్లు. ప్రోటాన్ వ్యాసంలో దాదాపు మూడు వందల వంతు. ఇది కొలతకు అందదు. కానీ దిమ్మ ముందుకే కదలాలంటే వెలుగు తన ద్రవ్యవేగంలో కొంత దానికి ఇచ్చేసి ఉండాలి, అంటే లోపల వెలుగు వాటా తగ్గి ఉండాలి. వచ్చే జవాబు సరిగ్గా అబ్రహాంది. ఈ వాదనలో తప్పు పట్టడానికి చోటు లేదు. న్యూటన్ నియమాన్నే వదులుకుంటే తప్ప.

2010లో స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలోని స్టీఫెన్ బార్నెట్ ఈ రెంటినీ ఒక చోట కూర్చోబెట్టాడు. ద్రవ్యవేగం అనే ఒకే పేరుతో రెండు వేరువేరు రాశులను పిలుస్తున్నామన్నది ఆయన చెప్పిన మాట. ఒకటి కదలికకు సంబంధించినది, జడత్వాన్ని వేగంతో గుణించగా వచ్చేది. గాజుదిమ్మ ఎంత జరిగిందని అడిగితే వచ్చే జవాబు, అబ్రహాంది. మరొకటి తరంగానికి సంబంధించినది, ప్లాంక్ స్థిరాంకాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించగా వచ్చేది. నీళ్ళలో మునిగిన అద్దమో, వాయువులోని పరమాణువో ఎంత తన్ను తిన్నదని అడిగితే వచ్చే జవాబు, మింకోవ్‌స్కీది. మరి ఆ 1.02కీ 1.80కీ మధ్య ఉన్న 0.78 గ్రాములు ఎవరివి? నీళ్ళవి. వెలుగు పోతున్నప్పుడు దాని విద్యుత్ క్షేత్రం నీటి అణువులను తనతోపాటు కదిలిస్తూ పోతుంది, ఆ అణువుల్లో నిలిచిన ద్రవ్యవేగం కూడా వెలుగు వెంట బురద దాకా వచ్చి చేరుతుంది. మింకోవ్‌స్కీ ఆ వాటాను వెలుగు పద్దులో రాశాడు, అబ్రహాం నీళ్ళ పద్దులో రాశాడు. రెండు చిట్టాల్లోనూ చివరి మొత్తం 1.41.

ఇక్కడితో సరిపోయిందనుకునేవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి కాను. మొత్తం తేలింది, నిజమే. కానీ నీళ్ళలో ఏ పొర మీద ఎంత బలం పడుతోందన్నది మొత్తం చెప్పదు, ప్రయోగమే చెప్పాలి. 2015లో చైనాలోని సన్ యత్-సెన్ విశ్వవిద్యాలయానికి చెందిన వెయ్‌లాంగ్ షీ బృందం ద్రవాల మీద లేజర్‌ను వేసి ప్రతిబింబాన్ని గమనించింది. ఈసారి ఉపరితలం గుంటపడింది, ఆష్కిన్ చూసిన ఉబ్బుకు సరిగ్గా వ్యతిరేకం. అబ్రహాం ఒత్తిడికి అది పరిమాణాత్మకమైన మొదటి సాక్ష్యమని వాళ్ళు ప్రకటించారు. అంటే 0.39కి ముందు పెట్టాల్సిన గుర్తు, వెలుగు ఎంత సన్నగా పడింది, ద్రవానికి కదలడానికి వీలుందా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడుతోంది.

ఈ కథలో తెలుగువాడి పేరు ఒకటి ఉంది. దాన్ని మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలని నా కోరిక. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, 1928లో రామన్ ప్రభావం బయటపడిన ఏడాదే కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి ఫోటాన్ తనచుట్టూ తాను తిరిగే గుణానికి, అంటే స్పిన్‌కు, ప్రయోగపూర్వకమైన నిరూపణ పేరుతో పరిశోధన పత్రం వెలువరించారు. అప్పటికి భగవంతానికి ఇరవై రెండేళ్ళు నిండలేదు. వెలుగు ముందుకు నెట్టడమే కాదు, మెలితిప్పగలదు కూడా అన్నది అందులోని సారం. పదార్థం నుంచి పరిక్షేపణ చెందిన వెలుగు ధ్రువణాన్ని కొలిచి, ఒక్కో ఫోటాన్ మోసుకెళ్ళే కోణీయ ద్రవ్యవేగం ఒక ప్రమాణం, అంటే 1.05 × 10⁻³⁴ జౌల్ సెకండ్ అని వాళ్ళు వాదించారు.

మెలితిప్పుడును నేరుగా యంత్రంతో కొలిచినది ఆ తర్వాత ఐదేళ్ళకు, 1936లో, ప్రిన్‌స్టన్‌లో రిచర్డ్ బెత్. పారదర్శకమైన స్ఫటిక ఫలకాన్ని సన్నటి క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసి, దాని గుండా వృత్తాకార ధ్రువిత కాంతిని పంపాడు. ఎడమ వాటంగా తిరుగుతూ దూరిన వెలుగు కుడి వాటంగా తిరుగుతూ బయటపడితే, ఒక్కో ఫోటాన్ ఫలకానికి రెండు ప్రమాణాలు అప్పగించిపోయినట్టు. మన 5 మిల్లీవాట్ల పాయింటర్‌తో చేస్తే ఆ మెలి 3.5 × 10⁻¹⁸ న్యూటన్ మీటర్లే. బెత్ ఫలకం తిరిగింది. అక్కడ అబ్రహాం, మింకోవ్‌స్కీల తగువు అడ్డం రాలేదు, ఎందుకంటే బెత్ లెక్క వేసింది దూరినప్పుడు ఎంత, బయటపడినప్పుడు ఎంత అన్నదే. ఫలకం లోపల, దారి మధ్యలో, ఆ మెలిలో వెలుగు వాటా ఎంత, స్ఫటికం వాటా ఎంత అని అడిగితే మళ్ళీ అదే రెండు పద్దులు తెరవాలి.

భగవంతం 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడే కాంతి పరిక్షేపణం మీద, రామన్ ప్రభావం మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. తర్వాత ఉస్మానియాకు ఉపకులపతిగా, బెంగళూరు భారత విజ్ఞాన సంస్థకు సంచాలకుడిగా, 1961 నుంచి రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు.

పెనుగొండలోనో, పక్కనున్న తణుకులోనో ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఈ లెక్కల్ని ఇంట్లోనే మళ్ళీ వేసి చూసుకోవచ్చు. కావలసినవి మూడే సంఖ్యలు: పదార్థం వక్రీభవన గుణకం, కాంతి వేగం, పడే వెలుగు వాట్లు. నీళ్ళకు బదులు 1.5 గుణకమున్న గాజు పలక పెడితే పైతలం మీది భిన్నం 0.283 నుంచి 0.4కి పెరుగుతుంది. వజ్రానికి 0.83. గాలికి, గుణకం 1.0003 కాబట్టి, అది పదివేలల్లో మూడు వంతులకు పడిపోతుంది. అందుకే మే నెల లెక్కలో గాలిని నేను లెక్కలోకి తీసుకోలేదు.